ఈ-క్రాప్ ఉండగా పంట కోత ప్రయోగం ఎందుకు? పంటల లెక్కలు నిజంగా ఆధునికం కావాలంటే

తమ్ముడూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పాకాల వైపు ఒక రైతు సేవా కేంద్రంలో కొత్తగా చేరారు. ప్రతి సీజన్లో ఏ సర్వే నంబర్లో ఏ పంట ఉందో ఈ-క్రాప్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టర్లో ఎక్కిస్తున్నారు. ఇప్పుడు కేంద్రం ఫోన్‌లో పంటలు నమోదు చేసే డిజిటల్ క్రాప్ సర్వే అంటోంది, పైన ఉపగ్రహాలు ఉన్నాయి. ఇంత ఉండగా ఇంకా తాడు, మేకులు, తూకం పట్టుకుని చేలోకి వెళ్లి, చిన్న ముక్క కొలిచి కోసి తూసే పంట కోత ప్రయోగాలు ఎందుకు, ప్రభుత్వం ఈ లెక్కలను ఆధునికం చేయాలంటే అసలు ఏం చేయాలి అని అడిగారు.

నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా మండలాల్లో గణాంకాల పని చేసి రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోనూ కావాలి, ఉపగ్రహమూ కావాలి. వాటి సాయంతో కోతలు తక్కువ చోట్ల, ఇప్పటికంటే చాలా జాగ్రత్తగా చేయాలి. అయితే వీటన్నిటికంటే ముందు కావలసిన మార్పు ఒకటుంది. రైతుకు డబ్బు ఎవరికి ఎంత రావాలో తేల్చే పుస్తకం, రాష్ట్రంలో ఎంత పండిందో చెప్పే పుస్తకం ఒకటే కాకూడదు. ఈ రెండో మాట ఎవరూ పట్టించుకోవడం లేదు. అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాను.

ఉత్పత్తి అంటే రెండు అంకెల లబ్ధం. ఎన్ని ఎకరాల్లో వేశారు, ఎకరానికి ఎంత పండింది. మొదటిది పూర్వం అడంగల్ అనే ఊరి పంటల రిజిస్టర్ నుంచి వచ్చేది. దాన్ని రాసే కరణం ఊళ్లోనే ఉండేవాడు, ఏ చేలో ఏముందో అతనికి తెలుసు. అతని అడంగల్ అంతా నిజమని నేను అనను, కానీ చేలు అతని కళ్ల ముందే ఉండేవి. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యాక వచ్చిన వాళ్లకు పంటల లెక్క అనేది పాతిక పనుల్లో ఒకటి అయిపోయింది. దీనికి మందుగా దేశంలో ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఏడాదీ 20 శాతం గ్రామాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, వాటిలో మాత్రం సీజన్ మొదట్లోనే ప్రతి సర్వే నంబరూ చూసి లెక్క పంపాలి. ఐదేళ్లలో అన్ని ఊళ్లూ తిరిగి వస్తాయి. కాగితం మీద చక్కటి పద్ధతి. ఆచరణలో ఆ 20 శాతం ఊళ్లలో కూడా చాలాచోట్ల చేలోకి వెళ్లకుండానే, పోయిన ఏడాది అంకె చూసి కాస్త అటూ ఇటూ మార్చి రాసేవాళ్లు. ఈ పని మీద తనిఖీలు 1970ల నుంచే ఉన్నాయి.

ఇక దిగుబడికి పంట కోత ప్రయోగం. 1920లలో బీహార్-ఒరిస్సాలో హబ్బాక్ అనే అధికారి వరి చేలలో యాదృచ్ఛికంగా చిన్న చిన్న ముక్కలు కోయించి చూశాడు. తర్వాత ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు, బెంగాల్లో మహలనోబిస్, 1940లలో ఢిల్లీ నుంచి సుఖాత్మే, దాన్ని శాస్త్రంగా నిలబెట్టారు. ముక్క మరీ చిన్నదైతే అంచున ఉన్న మొక్కలన్నీ లోపలికి వచ్చేసి దిగుబడి ఎక్కువ కనిపిస్తుందని సుఖాత్మే చూపించాడు. మనం వరికీ వేరుశనగకూ ఐదు మీటర్ల చదరం తీసుకోవడం వెనక ఉన్నది ఆ వాదనే.

ఈ చదరం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే పని మొత్తం ఇక్కడే ఉంది. ఐదు మీటర్ల చదరం అంటే 25 చదరపు మీటర్లు. ఎకరంలో అలాంటివి దాదాపు 162 పడతాయి. అంటే మీ తూకంలో ఒక్క కిలో తేడా వస్తే ఎకరానికి 162 కిలోల తేడా, 75 కిలోల బస్తాలు రెండు దాటుతాయి. తాడు వదులుగా ఉండి ఒక్కో వైపు 20 సెంటీమీటర్లు జరిగిందనుకోండి, 5.2 ను 5.2 తో గుణించండి, 27 వస్తుంది. అక్కడికక్కడే ఎనిమిది శాతం దిగుబడి గాలిలోంచి పుట్టింది. అందుకే నాలుగు మేకులూ కొట్టాక మూల నుంచి మూలకు కొలవమంటారు. అది 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రావాలి. నేను తిరిగిన చోట్లలో ఈ కొలత తీసేవాళ్లు పదిమందిలో ఇద్దరు ఉంటే గొప్ప.

తూకం సంగతి నా సొంత అనుభవం. ఒక ఏడాది పుంగనూరు వైపు మానావారి (వానాధార) చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేలల్లో కోతలు చేస్తున్నాం. నాలుగో ప్రయోగం దగ్గర ఒక రైతు, వయసులో పెద్దాయన, మా తూకం పని చూసి, "సార్, ఒకసారి ఈ కిలో బెల్లం అచ్చు తూయండి" అన్నాడు. తూస్తే 300 గ్రాములు ఎక్కువ చూపించింది. స్ప్రింగ్ సాగిపోయింది. మొక్కలు పీకి, కాయ కోసి, మన్ను దులిపి తూసేది ఎంత కాయ? ఎకరాకు నాలుగైదు క్వింటాళ్లు పండే చేలో 25 చదరపు మీటర్లకు మూడు కిలోలు రావడమే ఎక్కువ. అందులో 300 గ్రాములంటే పదో వంతు. అంతకుముందు చేసిన మూడు ప్రయోగాలను ఏం చేయాలని పై ఆఫీసును అడిగితే, పంపినవి పంపినట్టే ఉంచమన్నారు. ఆ మూడు అంకెలు ఇప్పటికీ ఏదో పట్టికలో ఉన్నాయన్న బాధ నాకు ఉంది. ఇప్పుడు యాప్‌లో జీపీఎస్, ఫొటో, టైము అన్నీ ఎక్కుతాయి. ఆ రోజు యాప్ ఉండి ఉంటే, తప్పు తూకం అంకె చక్కటి ఫొటోతో సహా సర్వర్‌కి చేరేది, అంతే.

ఇంకో సంఘటన ఇంతకంటే బరువైనది. కరువు ఏడాది. యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం మాకు పడిన సర్వే నంబర్లో చెనిక్కాయ విత్తారు, కానీ ఊడలు దిగక ముందే ఎండిపోయింది. విత్తి ఎండిపోయిన చేను కూడా లెక్కలో భాగమే, అక్కడ దిగుబడి సున్నా అని రాయాలి. కానీ "పంట లేదు కాబట్టి పక్క నంబరు తీసుకోండి" అని పై నుంచి ఫోన్ వచ్చింది. పక్క నంబర్లో బోరు ఉంది. పచ్చగా ఉంది. అలా జిల్లాలో పది చోట్ల ఎండిన చేలు తీసేసి తడి చేలు పెడితే కరువు ఏడాది సగటు మామూలు ఏడాదికి దగ్గరగా వస్తుంది. దాని మీద బీమా లెక్క వేస్తే ఎండిపోయిన రైతుకు చెల్లింపు తగ్గుతుంది. నేను సున్నా రాశాను, దానికి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. పై వాళ్లలో చెడ్డవాళ్లు ఉన్నారని నేను అనడం లేదు. ఆ అంకె మీద అన్ని వైపుల నుంచీ లాగుడు ఉంటుంది. రైతుకు తక్కువ రావాలని ఉంటుంది, బీమా కంపెనీ ప్రతినిధికి ఎక్కువ రావాలని ఉంటుంది, టార్గెట్ ఉన్న శాఖకూ ఎక్కువ రావాలనే ఉంటుంది. మధ్యలో తాడు పట్టుకున్న మనిషి ఒక్కడు. అతనికి టెన్షన్ ఉండదా?

ఇప్పుడు మీ ఈ-క్రాప్‌కి వస్తాను. రైతుకు అది చాలా అవసరం, నేను దానికి వ్యతిరేకిని కాను. ధాన్యం అమ్మాలన్నా, పంట నష్టం సాయం రావాలన్నా, బీమా కావాలన్నా ఈ-క్రాప్‌లో పేరు ఉండాలి. సరిగ్గా అందుకే అందులోని ఎకరాలను రాష్ట్ర విస్తీర్ణంగా నేరుగా తీసుకోవడం నాకు భయం. డబ్బు ముడిపడిన రిజిస్టర్లో బీడు కూడా పంటగా ఎక్కుతుంది. వచ్చే సాయం పోతుందేమో అని ఖాతాదారు ఒత్తిడి చేస్తాడు, రోజూ ఆ ఊరి వాళ్ల మధ్యే తిరిగే మీలాంటి కుర్రాడు ఎంతమందికి కాదని చెప్పగలడు? ఇక పని భారం చూడండి. ఒక ఊరికి 2,000 సబ్‌డివిజన్లు, అంటే సర్వే నంబర్లలోని విడి ముక్కలు, ఉన్నాయనుకుందాం. రోజుకు 50 చేలు నిజంగా నడిచి చూస్తే 40 పనిదినాలు. సీజన్లో మీ చేతిలో ఉన్నవి అన్ని ఉండవు, పైగా ఎరువులు, విత్తనాలు, మీటింగులు ఉంటాయి. కాబట్టి కొన్ని చేలు గట్టు మీద నుంచి, కొన్ని టీ కొట్టు దగ్గర నుంచి పడతాయి. అది సిబ్బంది తప్పు అనుకోవడం అన్యాయం. పని కొలతే తప్పు.

కౌలు రైతు పేరు లేకపోవడం కూడా దీనితో కలిపి మాట్లాడతారు. అది వేరే సంగతి. ఎవరి పేరున ఎక్కినా వరి వరే, ఎకరాలు మారవు. కౌలు రైతుకు జరిగేది న్యాయం విషయం, దాన్ని న్యాయంగానే పోరాడి సరిచేయాలి. లెక్క తప్పేది బీడు పంటగా ఎక్కినప్పుడు, వేరుశనగ సాళ్ల మధ్య కంది, అలసంద, అనప ఉన్నా ఒక్క వేరుశనగే ఎక్కినప్పుడు, మామిడి మొక్కల మధ్య వేసిన పంట అసలు ఎక్కనప్పుడు. మన జిల్లాల్లో ఇలాంటి చేలు ఎన్ని ఉన్నాయో మీరే రోజూ చూస్తున్నారు.

ఉపగ్రహం ఈ లాగుళ్లకు లొంగదు, అదే దాని గొప్ప. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహం ఉచితంగా ఇచ్చే చిత్రంలో ఒక చుక్క అంటే 10 మీటర్ల చదరం, ఎకరానికి 40 చుక్కలు. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు వరుసగా పరుచుకున్న వరి కయ్యలకు ఇది బాగా సరిపోతుంది. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అప్పుడు మబ్బులు కమ్మేసి మామూలు కెమెరాకు ఏమీ కనిపించదు. రాడార్ ఉపగ్రహానికి మబ్బు అడ్డు కాదు. నాటు ముందు కయ్యలో నిలిచిన నీళ్లు, తర్వాత పెరిగే పైరు, రెండూ అది పట్టుకుంటుంది. వరి విస్తీర్ణానికి దాన్ని వాడకపోతే మన తప్పు. అదే 30 సెంట్ల మిశ్రమ పంట చేను దగ్గరకు వస్తే సగం చుక్కలు గట్టు మీదో పక్క చేలోనో పడతాయి. పాలసముద్రం, కార్వేటినగరం వైపు గుట్టల కింద చేలను ఆకాశం నుంచి ఏ పంటో చెప్పడం నాకు తెలిసినంతలో ఇంకా నమ్మదగ్గ పని కాదు. దిగుబడి విషయంలో కేంద్రం 2023 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో వరికీ గోధుమకూ ఉపగ్రహాల వంటి వాటితో వేసే సాంకేతిక అంచనాకు 30 శాతం వెయిటేజీ ఇచ్చింది. మిగతా బరువు ఇంకా కోతల మీదే ఉంది. ఆ సాంకేతిక నమూనాలను సరిదిద్దుకోవడానికి కూడా మంచి కోతలే కావాలి. కోత తప్పైతే నమూనా ఆ తప్పునే నేర్చుకుంటుంది.

మరి ఏం చేయాలి? ఈ-క్రాప్, ఉపగ్రహం, మనిషి నడిచి చూసే నమూనా, ఈ మూడింటినీ కలపాలి. ఎలా కలుపుతారో చిన్న ఉదాహరణతో చెప్తాను, అంకెలు నేను ఊహించుకున్నవి. ఒక మండలంలో ఉపగ్రహం 4,000 ఎకరాల వరి అంది. ఆ మండలంలో యాదృచ్ఛికంగా కొన్ని ముక్కలు ఎంచుకున్నాం. వాటిలో ఉపగ్రహం మొత్తం 320 ఎకరాల వరి చూపించింది, మనిషి నడిచి కొలిస్తే 300 వచ్చింది. అప్పుడు 4,000ను 300తో గుణించి 320తో భాగిస్తే 3,750. ఇదే మన అంచనా. నడిచింది కొద్ది చేలే, కానీ దాని బలం మండలం మొత్తానికి వచ్చింది. ఉపగ్రహం స్థానంలో ఈ-క్రాప్ అంకె పెట్టినా ఇదే సూత్రం. పూర్తి లెక్క ఎంత తప్పుతోందో చిన్న నమూనా చెబుతుంది. ఎంతవరకు అటూ ఇటూ ఉండవచ్చో కూడా చెబుతుంది. ఆ తేడా అంకెను ఉత్పత్తి అంచనాతో పాటు అచ్చు వేయాలని నేను సర్వీసులో ఉన్నప్పటి నుంచీ మొత్తుకుంటున్నాను.

కిటుకు ఏమిటంటే ఆ నమూనా చేలు చూసేవాళ్లు ఈ-క్రాప్ ఎక్కించినవాళ్లు కాకూడదు. వాళ్లకు ఆ చేలో ఏమని ఎక్కిందో ముందు తెలియకూడదు. ఆ నమూనా అంకె మీద ఏ ఒక్క రైతు సాయమూ ఆధారపడకూడదు, దాన్ని చూపి సాయం తగ్గించరాదు, పెంచరాదు. అప్పుడు రైతు కూడా నిజం చెప్తాడు. 2011లో పంటల లెక్కలపై కేంద్రం వేసిన వైద్యనాథన్ కమిటీ దాదాపు ఈ దారే సూచించింది. దేశం మొత్తానికి 15,000 గ్రామాల నమూనాను ప్రత్యేకంగా శిక్షణ ఉన్న సిబ్బందితో, వేరే సంస్థ ద్వారా చేయమంది. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్ ఆమోదించింది. రైతు ఐడీ, గ్రామ పటాలు, పంట నమోదు, ఫోన్‌లో పంట కోతల నమోదు అన్నీ అందులో ఉన్నాయి. మంచిదే. ఇందులో స్వతంత్రంగా చేలు నడిచే మనుషుల కోసం ఎంత ఖర్చు పెడతారన్న దాన్ని బట్టే నేను దాన్ని కొలుస్తాను.

భూముల రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చింది. పాత నంబరుకు కొత్త నంబరు జత పట్టిక గట్టిగా ఉంచుకోకపోతే పదేళ్ల నమూనా లెక్కలు తెగిపోతాయి. జిల్లాల విభజనలో ఇప్పటికే ఒకసారి దెబ్బ తిన్నాం. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా విడిపోయింది. తిరుపతి జిల్లాలోకి నెల్లూరు నుంచి గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట వచ్చాయి. జిల్లా పట్టిక చూసిన వాళ్లు చిత్తూరులో వరి ఒక్క ఏడాదిలో ఎందుకు కూలిపోయిందని అడుగుతారు. మండలం వారీ అంకెలు భద్రంగా ఉంటేనే పాతదీ కొత్తదీ కలపగలం. పైగా ఆ నెల్లూరు వైపు మండలాల్లో ఎడగారు (రెండో పంట) వరి ఉంది, లెక్క పుట్లలో చెప్తారు, పుట్టి అంటే 850 కిలోలు. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన సిబ్బంది మొదట్లో తికమక పడతారు. శిక్షణలో ఇవి చెప్పాలి.

మామిడి, టమాటా గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మన ప్రాంతం కన్నీళ్లు ఎక్కువగా వాటి చుట్టూనే ఉన్నాయి. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు 12 రూపాయలు అందేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని తేల్చారు. అప్పుడు అందరూ అడిగిన ప్రశ్న, అసలు కాయ ఎంత ఉంది? ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. ఐదు మీటర్ల చదరం ఇక్కడ పనికిరాదు. చెట్టు వయసు, కాపు ఏడాదా కాదా, పూత ఎంత నిలిచింది అన్నీ కావాలి. రైతును అడిగి ప్రయోజనం తక్కువ, ఎందుకంటే పూత దశలోనే తోటను వ్యాపారికి గుత్తకు ఇచ్చేస్తాడు, ఎన్ని టన్నులు వెళ్లాయో అతనికే తెలియదు. కానీ టన్నులు తెలిసిన చోటు ఒకటుంది. వ్యాపారులు కాయ కొని లారీలకెత్తే ర్యాంపుల దగ్గర, గుజ్జు ఫ్యాక్టరీల గేటు దగ్గర వేబ్రిడ్జి స్లిప్పులు. ఆ స్లిప్పులు రోజూ ఒకచోట చేరితే, వాటితో పాటు చెట్ల వయసు వారీగా కొన్ని తోటల్లో ఏప్రిల్‌లో కాయ లెక్క తీస్తే, జూన్‌లో రోడ్డు మీద ట్రాక్టర్లు బారులు తీరకముందే ఎంత రాబోతోందో తెలుస్తుంది. ఆధునికం అంటే నాకు ఇది. లెక్క పంట వచ్చే ముందు రావాలి. టమాటా అయితే ఏ నెలలోనైనా నాటుతారు, రెండు నెలలు దాటాక కోత మొదలవుతుంది. సీజన్‌కు ఒక్కసారి చూసే సర్వేకు అది చిక్కదు. నర్సరీల్లో నెలనెలా ఎంత నారు అమ్ముడైందో తీసుకుంటే పలమనేరు, వి.కోట మార్కెట్‌కు రెండు నెలల తర్వాత ఎంత సరుకు వస్తుందో ముందే అంచనా దొరుకుతుంది.

ఇవన్నీ పై వాళ్లు చేయాల్సినవి. మీ చేతిలో ఏముంది అని మీరు చివర్లో అడిగారు కదా, చెప్తాను. కోతకు బయల్దేరే ముందు రోజు రాత్రి అంగట్లోంచి సీలు ఉన్న ఐదు కిలోల బియ్యం సంచి తెచ్చి మీ తూకం మీద పెట్టి చూడండి. తాడు బదులు సాగని టేపు వాడండి. నైరుతి మూల నుంచి అడుగులు లెక్కపెట్టేటప్పుడు పైరు పలచగా ఉన్న చోటికి వచ్చినా సరే, పచ్చగా ఉన్న చోటికి వచ్చినా సరే, పక్కకు జరగకండి. హద్దు మీద సగం లోపల సగం బయట ఉన్న మొక్క లెక్కలోకి వస్తుందో రాదో ముందే ఊళ్లో వాళ్ల ఎదుట చెప్పి, నాలుగు వైపులా అదే పాటించండి. చెనిక్కాయ అయితే తడి తూకంతో సరిపెట్టకండి. కాయలో ఒక కిలో నమూనా ఇంటికి తెచ్చి నీడలో కాదు, ఎండలో ఆరబెట్టి మళ్లీ తూసి ఆ అంకె కూడా పంపండి. యాప్ అడగని విషయాలు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. చేలో అంతర పంట ఏముంది, చివరి వాన ఎప్పుడు పడింది, మీకు పడిన నంబరు మార్చమని ఎవరైనా అన్నారా, అంటే ఏ తేదీన. నా దగ్గర అలాంటి పుస్తకాలు పదకొండు ఉన్నాయి. వైకుంఠపురం దగ్గర మా ఇంటికి వచ్చినప్పుడు చూపిస్తాను, కరువు ఏడాది పేజీలు మొదట చదవండి.